రాజు బల్లయొద్ద మెఫీబోషెతు

ధ్యాన భాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము



ఈ మాసము మనము ధ్యానించు భాగము సండే స్కూలు నాటినుండి మీరెరిగినదే. దావీదు రాజు తన స్నేహితుడైన యోనాతానుతో చేసిన ప్రమాణమును జ్ఞాపకము చేసికొని, యోనాతాను కుమారుడైన మెఫీబోషెతును పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనెను. పాపులమైన మనలను దేవుడు కృపతో పిలుచుటకు ఇది పోలికయని బోధకులు చెప్పగా పలుమారులు వింటిమి. అది సత్యమే. అయితే ఆ పోలికను వెదకుటలో, ఆ కథలో రెండు కాళ్లు పనిచేయని ఒక మనుష్యుడు నిజముగా ఉన్నాడని మరచిపోతిమేమో! ఈ మాసము ఆ మనుష్యునినే చూతము.

మేము ఈ సంగతి వ్రాయుటకు ఒక తల్లి కారణము. కొంతకాలము క్రిందట ఒక సంస్కారపు ఆదివారమున, ఆరాధన ముగిసిన పిమ్మట, మా సంఘములోని వృద్ధురాలొకామె గుడి అరుగుమీద కూర్చుండి యుండెను. ఆమె కుమారునికి ముప్పది యేండ్లు దాటినవి. పసితనమునుండి అతని రెండు కాళ్లకును బలము లేదు. చక్రములు బిగించిన చిన్న పలకమీద కూర్చుండి, చేతులతో నేలను నెట్టుకొనుచు తిరుగును. మా గుడికి మూడు మెట్లున్నవి. ఆ మెట్ల క్రింద, మనమందరము చెప్పులు విడుచు చోట, అతడు కూర్చుండి ఆరాధన వినుచుండెను. సంస్కారపు దినమున లోపలివారందరికి ఇచ్చిన తరువాత రొట్టెయు ద్రాక్షారసమును మేమే బయటికి తీసికొనిపోయి అతనికి ఇచ్చుచుంటిమి. అది మా దయాగుణమని మేము తలంచితిమి.

ఆ దినమున ఆ తల్లి మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, నేనున్నన్నాళ్లు వాడికి నేనే కాళ్లు. నేను పోయినాక నా బిడ్డ ఎవరి గుమ్మం ముందు కూర్చోవాల?" అని అడిగెను. మేము ప్రార్థన చేసితిమి. ఆమె కన్నీళ్లు తుడుచుకొని ఆమేన్ అనెను. ఇంటికి పోవు దారిలో మా మనస్సాక్షి మమ్మును గద్దించెను. ఆమె జవాబు అడుగగా మేము ప్రార్థన ఇచ్చి పంపివేసితిమి.

ఇది ఒక్క మా సంఘములోని సంగతి కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి మన దేశములో 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులుండిరి. వారిలో నూటికి దాదాపు 69 మంది పల్లెలలోనివారే. అప్పటికి ఒకటిగానున్న ఆంధ్రప్రదేశ్‌లో వారు 22 లక్షలకు పైగా ఉండిరి. కాబట్టి, మా సంఘములో అట్టివారెవరును లేరని ఏ పెద్దయైనను చెప్పినయెడల, వారు లేక కాదు, గుడికి రాలేక కనబడుటలేదని తెలిసికొనవలెను.

ఈ కాళ్లు ఎట్లు కుంటుపడెను?

మెఫీబోషెతు కుంటివాడై పుట్టలేదు. 2 సమూయేలు 4వ అధ్యాయము 4వ వచనము చూడుడి. అతడు అయిదేండ్ల బాలుడై యుండగా సౌలును యోనాతానును యుద్ధములో మరణించిరన్న వార్త వచ్చెను. దాది పిల్లవానిని ఎత్తుకొని ప్రాణభయముతో పరుగెత్తెను. ఆ తొందరలో పిల్లవాడు క్రిందపడెను. అంతే సంగతి. పిల్లవాడు ఏ పాపమును ఎరుగడు. ఆ దాదియు చెడ్డది కాదు. వానిని బ్రతికించుటకే పరుగెత్తినది. వాక్యము ఎవరిమీదను నింద మోపక జరిగినది జరిగినట్లు చెప్పి ఊరకున్నది.

మనమైతే ఊరకుండము. బిడ్డ అవయవలోపముతో పుట్టినయెడల, ఎవరి పాపమో, ఎవరి శాపమో, తల్లి గ్రహణము చూచెనేమో యని గుసగుసలాడుదుము. యేసు శిష్యులును పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇట్టి ప్రశ్ననే వేసిరి. వాని పాపము కాదు, వాని కన్నవారి పాపమును కాదని ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేసెను (యోహాను 9:1-3). మన పల్లెలలో ఎందరి కాళ్లనో చచ్చుపడచేసిన పోలియోను తలంచుడి. అది ఒక సూక్ష్మక్రిమివలన వచ్చు వ్యాధి. ఇంటింట పసిపిల్లల నోట చుక్కల మందు వేయగా వేయగా, మన దేశములో 2011 జనవరి తరువాత సహజముగా వ్యాపించు ఆ క్రిమివలన ఒక్క బిడ్డయు పడిపోలేదు. 2014 మార్చి 27వ తేదీన మన దేశము పోలియో లేని దేశమని ప్రకటింపబడెను. తలిదండ్రుల పాపమే దానికి కారణమైనయెడల రెండు చుక్కల మందు దానినెట్లు ఆపెను? నిందించిన మన నోళ్లను ఆ రెండు చుక్కలు మూయింపవలెను.

ఇంకొక మాట కూడ చెప్పవలెను. మా సంఘములోని ఆ యువకుని మావారే మూడు పర్యాయములు స్వస్థత కూటములకు మోసికొనిపోయిరి. కాళ్లు రాలేదు. అప్పుడు కొందరు, వానికి విశ్వాసము చాలదనిరి. కాళ్లు లేనివానినుండి విశ్వాసమును కూడ లాగుకొనిరి! దేవుడు స్వస్థపరచగలడని మేము నమ్ముచున్నాము. రోగుల కొరకు ప్రార్థించుట మానము. అయితే పౌలు ముమ్మారు వేడుకొనినను అతని శరీరములోని ముల్లు తీసివేయబడలేదు. అతనిని అవిశ్వాసి యనగలమా? మన అధ్యాయము ముగియు చోట మెఫీబోషెతు కాళ్లు ఇంకను కుంటివిగానే యున్నవని వాక్యము మరల చెప్పుచున్నది. కాళ్లు మారలేదు, కాని కూర్చుండు చోటు మారినది. కాళ్లు బాగుచేయుట దావీదు చేతిలో లేదు. చోటు ఇచ్చుట అతని చేతిలో ఉన్నది. దావీదు తన చేతనైన పని చేసెను.

మొదట పేరు

సౌలు ఇంటివారిలో ఎవడైనను మిగిలెనా యని దావీదు విచారించినప్పుడు, సీబా అను సేవకుడు, యోనాతానునకు ఒక కుమారుడున్నాడనియు, వాని కాళ్లు కుంటివనియు చెప్పెను (3వ వచనము). పేరు చెప్పలేదు. కుంటితనము చెప్పిన చాలునని అనుకొనెను. అతడు రాజు ఎదుటికి వచ్చి సాగిలపడగానే దావీదు నోట వచ్చిన మొదటి మాట అతని పేరే (6వ వచనము).

మన వీధులలో కుంటోడు, గుడ్డోడు, చెవిటిది, పిచ్చిది అని పిలుపులు. వారికి బాప్తిస్మమిచ్చినప్పుడు సంఘపు పుస్తకములో వ్రాసిన పేరు ఒకటున్నది. తలిదండ్రులు ప్రేమతో పెట్టుకొనిన పేరు అది. దానిని ఎవరును పలుకరు. కొన్నాళ్లకు వారే మరచిపోవుదురు. రాజు పిలిచినప్పుడు మెఫీబోషెతు తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను (8వ వచనము). ఏ బాలుడును అట్టి మాట తనంతట నేర్చుకొనడు. చుట్టునున్న లోకము నేర్పినదే. కాబట్టి సహోదరులారా, మన మొదటి సేవకు రూకలతో పనిలేదు. పేరుపెట్టి పిలుచుడి. మీ పిల్లలకు అట్లు పిలుచుట నేర్పుడి.

రెండవది ఇల్లు

దావీదు పిలువకముందు మెఫీబోషెతు లోదెబారులో, అమ్మీయేలు కుమారుడైన మాకీరు ఇంట నుండెను. ఈ మాకీరునుగూర్చి మనము ప్రసంగములు వినలేదు. రాజవంశము కూలిపోయి, సౌలు మనుమడని తెలిసిన ప్రాణమునకే అపాయమైన దినములలో, నడువలేని ఆ అనాథను ఇంట పెట్టుకొనిన మనుష్యుడతడు. తరువాత దావీదే తన కుమారునికి భయపడి పారిపోయి మహనయీమునకు వచ్చినప్పుడు, పరుపులు, పాత్రలు, గోధుమలు, తేనె తీసికొని ఎదురువెళ్లినవారిలో ఈ మాకీరు ఒకడు (2 సమూయేలు 17:27-29). దిక్కులేనివానికి తలుపు తీసినవాడు, దిక్కులేని రాజునకును తలుపు తీసెను. అతనికి అది అలవాటైన పని.

మన సంఘములలోను మాకీరులు కలరు. వదినెగారి గ్రుడ్డి చెల్లెలిని ఇరువది యేండ్లుగా పోషించుచున్న ఇల్లాండ్రు, మతిచలించిన అన్నకు స్నానము చేయించు తమ్ములు కలరు. వారిని ఎవరును వేదికమీదికి పిలువలేదు. ప్రభువు వారినెరుగును. అయితే ఒక్క ఇంటివారిమీద ఆ భారమంతయు వేసి సంఘము చేతులు కట్టుకొని చూచుట న్యాయమా? ఆ ఇల్లాలు ఒక పెండ్లికి పోవలెనన్నను, జ్వరపడినను, ఆమెకు మారుగా ఒక పూట కూర్చుండువారెవరు? ఆ బిడ్డ దొడ్డివైపు కొట్టములో ఉన్నాడా, ఇంటిలో మంచముమీద ఉన్నాడా యని మనము పోయి చూచితిమా?

ఇల్లు వారికి అనుకూలము చేయుట కష్టమైన పని కాదు. గడపవద్ద మెట్టునకు బదులు వాలుగా కట్టిన దారి చాలును. ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవున వాలు పెట్టినయెడల చక్రముల కుర్చీ సులువుగా ఎక్కును. తలుపు మూడడుగుల వెడల్పుండవలెను. మరుగుదొడ్డి గోడకు పట్టుకొని లేచుటకు ఒక ఇనుప కడ్డీ కావలెను. నీళ్ల కుండ చేతికందు ఎత్తున నుండవలెను. చూపులేనివారు నడచు సందులో మంచములు, బండ్లు అడ్డము పెట్టరాదు. గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయవద్దని లేవీయకాండము 19వ అధ్యాయము 14వ వచనములో దేవుడే ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞ మోటారు సైకిలు నిలుపు మన యౌవనస్థులకును చెందును.

మూడవది పని

దావీదు మెఫీబోషెతునకు భోజనము పెట్టి పంపలేదు. అతని తాతయైన సౌలు భూమినంతటిని అతనికి తిరిగి ఇప్పించెను. సీబాను, అతని పదునైదుగురు కుమారులను, ఇరువదిమంది పనివారిని ఆ భూమి దున్ని పంట తెచ్చుటకు నియమించెను (9, 10 వచనములు). గమనించుడి: దున్నుటకు కాళ్లు లేనివానికి దున్నువారిని తోడిచ్చెను గాని భూమి మాత్రము అతనిదే. సహాయము చేయువారు సేవకులు, భూస్వామి అతడు.

మన పద్ధతి వేరు. క్రిస్మసునకు ఒక చీర, ఒక దుప్పటి, అయిదు కిలోల బియ్యము ఇచ్చి ఫొటో తీయించుకొందుము. బియ్యము మంచిదే. అది జనవరికి అయిపోవును. కూర్చుండి చేయగల పనులు మన పల్లెలలో ఎన్ని లేవు? మిరపకాయల తొడిమలు తీయుట, పూలు కట్టుట, విస్తళ్లు కుట్టుట, కుట్టు మిషను, సైకిలు బాగుచేయుట, ఇప్పుడు సెల్ ఫోన్లు బాగుచేయుట, చిన్న దుకాణము, రెండు గేదెల పాడి. మిషను త్రొక్కలేనివారికి చిన్న మోటారు బిగించిన చేతితోనే కుట్టుదురు. అయితే పని ఇచ్చునప్పుడు మనలో ఒక పాపమున్నది. బస్తా మిరపకు అందరికిచ్చు కూలి వారికి ఇయ్యక, కుంటివాడు గదా, ఇంత చాలునని తగ్గించి ఇత్తుము. తొడిమలు తీసినవి చేతులు. కాళ్లు చూచి కూలి కోయుట దోపిడి కాదా? కూలివాని కూలి పట్టి ఉంచువారినిగూర్చి యాకోబు తన పత్రికలో వ్రాసినది మనకును చెల్లును.

వారేమి చేయగలరని సందేహించువారికి వేలూరు సంగతి చెప్పెదము. మనవారు జబ్బుచేసిన వేలూరుకే గదా పోవుదురు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అను కేరళ దేశపు యౌవన వైద్యురాలుండెను. 1954లో కారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని ఆమె నడుము క్రింది భాగము చచ్చుపడెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠువ్యాధిచే వంగిపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. పిమ్మట అమెరికా వెళ్లి, వికలాంగులు తిరిగి తమ పనులు తాము చేసికొనునట్లు తీర్చు వైద్యము నేర్చుకొని వచ్చి, వేలూరులో ఆ శాఖను నడిపెను. 1972లో మన ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. ఆమె నడువలేకపోయినను ఆమెచేత నడక నేర్చినవారు ఎందరో! ఆమెకు ఆ కుర్చీయు, ఆ కుర్చీ పోవుటకు దారియు, పని ఇచ్చి నమ్మిన పెద్దలును లేనియెడల ఆమె ఒక గదిలో మంచముమీద మిగిలియుండును. మన పల్లెలో అట్లు మంచముమీద మిగిలిపోయినవారెందరో ఆలోచించుడి.

నాలుగవది బల్ల

ఇల్లును భూమియు ఇచ్చి దావీదు ఊరకుండలేదు. రాజకుమారులతో సమానముగా అతనిని తన బల్లయొద్ద ఎల్లప్పుడు కూర్చుండబెట్టుకొనెను. బల్లయొద్ద కూర్చున్నవారి కాళ్లు ఎవరికిని కనబడవు. ముఖములు మాత్రమే కనబడును. అక్కడ రాజకుమారునికిని మెఫీబోషెతునకును భేదము లేదు.

మన ప్రభువును, విందు చేసినప్పుడు బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని చెప్పెను. ఆ అధ్యాయములోనే గొప్ప విందు ఉపమానమున యజమానుడు వారిని ఇంటిలోపలికి తోడుకొని రమ్మని దాసుని పంపెను (లూకా 14వ అధ్యాయము). వీధిలోనికి విస్తరి పంపుమని చెప్పలేదు. ఈ మాట చదివినప్పుడు, చెప్పుల దగ్గరకు సంస్కారము మోసికొనిపోయిన మా చేతులు మాకు బరువాయెను. కపెర్నహూములో పక్షవాతముగలవానిని మోసిన నలుగురును లోపలికి దారిలేక ఇంటికప్పు విప్పిరి. వారికి అడ్డమైనది వాక్యము విను జనమే. మా గుడిలోను అట్లే జరిగినది. మేము ముప్పదియేండ్లు ఆ బిడ్డ కాళ్ల కొరకు ప్రార్థించితిమి. మా మూడు మెట్ల ఎత్తు అడుగున్నర. దానికి కావలసిన వాలుదారి పదునెనిమిది అడుగులు. ముప్పదియేండ్లు ప్రార్థించినవారము పదునెనిమిది అడుగులు కట్టలేకపోతిమి.

బల్లయనగా గుడిలోని బల్ల ఒక్కటే కాదు. పెండ్లి పందిరి, కోత పండుగ, గ్రామసభ, ఓటు వేయు చోటు, బడి ఇవన్నియు బల్లలే. పెండ్లిచూపులకు వచ్చువారు చూతురని ఇంటిలోని బిడ్డను పొరుగింట దాచిపెట్టు విశ్వాసులు కలరు. కుష్ఠువ్యాధి పూర్తిగా నయమైనను వ్రేళ్లు పోయినందున ప్రక్కన కూర్చుండనియ్యని విశ్వాసులు కలరు. మన తెలుగునాట నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మిషనువారు 1915లోనే ఆ రోగులకు వైద్యశాల ఏర్పరచిరి. వందేండ్లు దాటినవి. నేడు ఆ వ్యాధికి మాత్రలతో నయమగు మందున్నది. కుష్ఠు కారణముచేత భార్యాభర్తలు విడిపోవచ్చునను నియమమును 2019లో పార్లమెంటు చట్టములనుండి తీసివేసెను. చట్టము తీసివేసినదానిని మనము హృదయములో దాచుకొనవచ్చునా? శరీరములో బలహీనముగా కనబడు అవయవములే మరి ఆవశ్యకములని పౌలు కొరింథీయులకు వ్రాసెను.

సీబా చేసిన మోసము

ఈ కథ 9వ అధ్యాయముతో ముగియలేదు. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు యెరూషలేము విడిచి పోవుచుండగా, సీబా గాడిదలమీద రొట్టెలు, ఎండు ద్రాక్షలు వేసికొని ఎదురువచ్చెను. నీ యజమానుని కుమారుడెక్కడ యని రాజు అడుగగా, అతడు రాజ్యము తనకు వచ్చునని ఆశపడి పట్టణములోనే నిలిచెనని సీబా అబద్ధమాడెను. దావీదు ఆ మాట నమ్మి, మెఫీబోషెతు ఆస్తియంతయు సీబాకు ఇచ్చివేసెను (16:1-4). తరువాత తెలిసినదేమనగా, మెఫీబోషెతు గాడిదనెక్కి రాజుతో రావలెననుకొనెను. సీబా మోసము చేసి అతనిని విడిచిపోయెను. రాజు వెళ్లిన దినమునుండి అతడు గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదికించుకొనలేదు (19:24-30).

నడువలేనివాడు రాజునొద్దకు పోయి తన మాట చెప్పుకొనలేడని సీబా ఎరుగును. నేడును సీబాలు కలరు. పింఛను తెచ్చిపెట్టెదనని చెప్పి సగము మ్రింగువాడు సీబా. చదువురాని చెవిటివానిచేత కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొని చేను వ్రాయించుకొనువాడు సీబా. మతిలేనిది గదా, ఆమెకెందుకని ఆడపడుచు వంతు కలుపుకొనువాడు సీబా. వాడు ఆదివారము గుడిలో ముందు వరుసను కూర్చుండవచ్చును, గాడిదలమీద కానుకలు తేవచ్చును. కానుక చూచి దావీదువంటివాడే మోసపోయెను. సంఘపు పెద్దలారా, జాగ్రత్త!

అయితే దావీదు తప్పు ఏమి? మెఫీబోషెతును ఒక్కమాట అడుగకయే అతనినిగూర్చి తీర్పు చేసెను. మేలుచేసినవాడే ఈ తప్పు చేసెను. ఇది చదివి మేము సిగ్గుపడితిమి. ఏలయనగా ఆ తల్లి అడిగిన దినమునుండి మేము పెద్దలను అడిగితిమి, స్త్రీల సమాజమును అడిగితిమి, ఆ తల్లినే మరల అడిగితిమి. అతనిని ఎవరమును అడుగలేదు. చివరకు ఒక సాయంకాలము పోయి అతని ప్రక్కన నేలమీద కూర్చుండి, "నాయనా, నీకేమి కావలెను?" అంటిమి. బియ్యము అడుగునేమో, మూడు చక్రముల బండి అడుగునేమో యనుకొంటిమి. అతడు, "అయ్యగారూ, నాకు తెల్లారగట్ల నాలుగింటికే మెలకువొస్తది. గుడి గంట తాడు రెండు మూరలు పొడుగు చేయించండి. గంట నేను కొడతా. గంట కొట్టేవాడికిచ్చే రూకలు నాకిప్పిస్తే, కానుక సంచిలో నేనూ వేస్తా" అనెను. ముప్పదియేండ్లుగా కానుక సంచి అతని దగ్గరకు పోనేలేదని అప్పుడు మాకు తోచెను.

చట్టము ఇచ్చిన హక్కులు

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. అది తెలిసికొని ఇప్పించుట సంఘపు పని. 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చెను. పూర్వపు 1995 చట్టములో ఏడు రకముల వైకల్యములే లెక్కకు వచ్చెను. ఇందులో ఇరువదియొక్క రకములున్నవి. నూటికి 40 పాళ్లు వైకల్యమున్నదని ధ్రువపత్రము పొందినవారికి ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 వంతులు, ఉన్నత విద్యలో 5 వంతులు ఉంచిరి. సాగుభూమి, ఇండ్లు పంచు పథకములలో 5 వంతులు వారికే. అందులోను స్త్రీలకు మొదటి చోటు. ఆరేండ్లనుండి పదునెనిమిదేండ్ల వరకు అట్టి బిడ్డలకు ఉచిత విద్య హక్కు. వికలాంగునికి సమాజములో జీవించు హక్కు కలదనియు, ఫలాని చోటనే ఉండవలెనని అతనిని నిర్బంధింపరాదనియు ఆ చట్టము చెప్పుచున్నది. పింఛనును ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 6,000 రూపాయలకును, తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకును పెంచిరి. సదరం ధ్రువపత్రముగాని, దేశమంతటికి చెల్లు యూడీఐడీ కార్డుగాని లేక ఇవి అందవు. మీ సంఘములో ఆ కాగితము లేనివారెవరో ఈ వారమే వ్రాసికొనుడి. చదువుకొనిన ఒక యౌవనస్థుడు వారిని ఆసుపత్రి శిబిరమునకు తోడుకొనిపోవలెను.

బుద్ధి ఎదగని బిడ్డలు, మెదడు పక్షవాతముగల బిడ్డలు ఉన్న తలిదండ్రులకు ఒక మాట. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టముచొప్పున, కలెక్టరుగారు ఉండు జిల్లా కమిటీ ఎదుట దరఖాస్తు పెట్టి, మీ తరువాత ఆ బిడ్డను చూచు సంరక్షకుని మీరు బ్రతికియుండగనే నియమింపించుకొనవచ్చును. ఆస్తి అన్యాక్రాంతము కాకుండ లెక్క చెప్పవలసిన బాధ్యత ఆ సంరక్షకునిమీద నుండును. సీబాకు కళ్లెము వేయుటకు ఇది ఒక మార్గము.

మన జవాబు

మా సంఘములో జరిగినది అతిశయముగా చెప్పుటలేదు. ఆలస్యముగా చేసితిమి గనుక అతిశయమునకు చోటు లేదు. మేస్త్రి పని ఎరిగిన సహోదరులు మూడు శనివారములు కూలి తీసికొనక పనిచేసిరి. స్త్రీల సమాజమువారు కంకర మోసిరి. వాలుదారి కట్టబడినది. గంట తాడు రెండు మూరలు పెరిగినది. ఇప్పుడు తెల్లవారుజామున మా పల్లెను లేపునది అతడే. మొదటి సంస్కారపు ఆదివారమున అతడు లోపల, బల్లకు దగ్గరగా, తన తల్లి ప్రక్కన కూర్చుండెను. కానుక సంచి అతనిచేతికి వచ్చినప్పుడు గుడిలో చాలమంది తల వంచుకొనిరి.

ఇంకను కావలసినది కలదు. వారి ఇంటి స్థలము తల్లి పేరనున్నది. కుమారుని పేర వ్రాయించుటకు ఇద్దరు పెద్దలు ఆమెతో రిజిస్ట్రారు కార్యాలయమునకు తిరుగుచున్నారు. రాత్రివేళ అతనికి తోడుండు రెండు కుటుంబములు ఒప్పుకొనినవి. మరి రెండు కావలెను. కాబట్టి ఆ తల్లి ప్రశ్నకు మేమిచ్చిన జవాబు సగమే. మిగిలిన సగము పూర్తియైన దినమున ఆమెతో, "అమ్మా, నీ బిడ్డ ఎవరి గుమ్మము ముందును కూర్చుండనక్కరలేదు, తన గుమ్మములో తానే కూర్చుండును, మేము అతని ఇంటికి వచ్చెదము" అని చెప్పగోరుచున్నాము. ఆమె బ్రతికియుండగనే చెప్పునట్లు ప్రార్థింపుడి.

ప్రియులారా, ఈ పత్రిక చదివి ముగించినవెంటనే మీ గుడి గుమ్మము చూడుడి. ఎన్ని మెట్లున్నవి? చెప్పుల దగ్గర ఎవరున్నారు? వారి పేరేమి? వారికేమి కావలెనో వారినే అడిగితిరా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, కాళ్లు లేనివారినిగూర్చి జాలిపడి త్రోవ కట్టని మా సోమరితనమును క్షమించుము. వారిని నిందించిన మా నోళ్లను, వారి కూలి తగ్గించిన మా చేతులను శుద్ధిచేయుము. బిడ్డల కొరకు రాత్రులు నిద్రలేని తల్లులను ఆదరించుము. ఎవరును ఎరుగక సేవచేయు మాకీరులను బలపరచుము. నీ బల్లయొద్ద మాకు చోటిచ్చిన నీవు, ఆ చోటు వారికి అడ్డము కాకుండ మమ్మును జరిగి కూర్చుండజేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.